కాటా కోవూరులో, లెక్కలు వర్జీనియాలో

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ వ్యాపారం పేజీలో ఒక వ్యాసం వచ్చింది. చిన్న మిల్లులు, డీలర్లు, హోల్‌సేల్ దుకాణాల వాళ్లు అందరూ తమ సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ అద్దె కంప్యూటర్లలోకి, మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది, నిశ్చింతగా ఉండొచ్చు అని దాని సారాంశం. చదివి రెండు రోజులు ఊరుకున్నా, మూడో రోజు ఊరుకోలేక రాస్తున్నా. మారొద్దని చెప్పడానికి కాదు, మేం మారాం, మళ్లీ వెనక్కి వెళ్లే ఉద్దేశం కూడా లేదు. కానీ ‘మారండి’ అనే ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు పనులున్నాయి, ఏ సరుకుకి ఏ దారి అన్నది ముందు తేల్చుకోకుండా దిగితే ఏం జరుగుతుందో ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. అది తెలుసుకోవడానికి మాకు ఒక రబీ సీజనంతా పట్టింది.

నేను కోవూరు పక్కన ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నా. చదివింది బీకాం, కంప్యూటర్ మనిషిని కాను. కానీ మిల్లులో ఏ మిషన్ చెడినా మెకానిక్, ఏ కంప్యూటర్ చెడినా నేను, అట్లా అలవాటైపోయింది. మా దగ్గర ఏమేం ఉండేవో ముందు చెప్తా, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. గేటు దగ్గర వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, దానికి కేబులుతో తగిలించిన పాత కంప్యూటరు, అందులో లారీ బరువు చీటీ కొట్టే చిన్న ప్రోగ్రాం. ఆఫీసులో ధాన్యం కొనుగోలు సాఫ్ట్‌వేరు, రైతు పేరు, రకం, తేమ, తరుగు, హమాలీ, అడ్వాన్సు, మిగతా బాకీ అన్నీ అందులోనే. 2009లో నెల్లూరులో ఒక కుర్రాడు విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రాములు రాసే భాషలో రాసిచ్చాడు. మైక్రోసాఫ్ట్ వాళ్లు దానికి సపోర్టు 2008లోనే ఆపేశారని మాకు చాలా ఏళ్లకు తెలిసింది, ఆ కుర్రాడికి అప్పుడే తెలుసో లేదో మరి. ఇవి కాక సివిల్ సప్లయిస్ వాళ్లిచ్చే ధాన్యం మర పట్టిచ్చే రిజిస్టరు, క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు తిరిగివ్వాలి కదా, ఆ లెక్క. ఖాతాలకు ట్యాలీ. కూలీల జీతాలు ఎక్సెల్‌లో.

2021 నవంబరులో పెన్నాకి వచ్చిన వరద సంగతి జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, రైళ్లు ఆగిపోయాయి. మా మిల్లులోకి రాత్రిపూట నీళ్లొచ్చాయి. వాచ్‌మన్ పాపం ధాన్యం బస్తాలు చూసుకుంటాడా, బల్ల కింద ఉన్న సర్వర్ డబ్బా, అంటే లెక్కలన్నీ దాచుకునే కంప్యూటర్, చూసుకుంటాడా. పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో నేను వెళ్లేసరికి సర్వరూ, యూపీఎస్సూ మునిగున్నాయి, రోజూ బ్యాకప్ తీసే పెన్ డ్రైవ్ ఆ బల్ల సొరుగులోనే ఉంది. అదీ మునిగింది. బ్యాకప్ అని పేరు పెట్టి దాన్ని సర్వర్‌కి జానెడు దూరంలో దాచిన తెలివి నాదే, ఎవరినీ అనను. అదృష్టం కొద్దీ పన్నెండు రోజుల కిందట ఆడిటర్ గారికి ఇచ్చిన కాపీ ఉంది. ఆ పన్నెండు రోజుల లెక్కలు తడిసిన చీటీలను ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ ఎక్కించుకున్నాం. మా ఓనరు ఆ రోజే అన్నాడు, “అబ్బయ్యా, బియ్యం ఎట్లాగూ ఇక్కడే ఉండాల, లెక్కలన్నా ఇంకోచోట పెట్టించు” అని.

అక్కడి నుంచి మొదలైంది. ఏడాది పొడుగునా ఎవరెవరో వచ్చారు. అందరూ వాడిన మాట ఒకటే, క్లౌడ్. అమ్మేది మాత్రం ఎవరిది వాళ్లదే. ఒకాయన మీ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టు ఎత్తి అద్దె కంప్యూటర్‌లో పెడతా అన్నాడు. ఇంకొకాయన మీది పాతది, పారేయండి, నెల అద్దెకి మా రెడీమేడ్ ప్యాకేజీ వాడండి అన్నాడు. మూడో ఆయన మొదటినుంచీ కొత్తగా రాసిస్తా, ఏడాది టైమివ్వండి అన్నాడు. ముగ్గురూ నమ్మకంగానే మాట్లాడారు, ముగ్గురి దగ్గరా రంగుల కాగితాలున్నాయి. మీ దగ్గర ఏమేం ఉన్నాయి, అందులో ఏది కదలకూడదు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, అడగాలని మాకూ తోచలేదు.

చౌకగా, తొందరగా అయిపోతుందని మొదటాయనకి ఇచ్చాం. 2023 జనవరిలో పని మొదలెట్టాడు. ఆయన చేసిందేమిటంటే డేటాబేస్, అంటే లెక్కలన్నీ ఉండే పెట్టె, ఒక్కదాన్ని ఎత్తుకెళ్లి అద్దె సర్వర్‌లో పెట్టాడు, ప్రోగ్రాములు మాత్రం మిల్లులో కంప్యూటర్ల మీదే ఉంచాడు. ఖాళీ రోజుల్లో కాస్త నిదానంగా ఉందే అనిపించింది, సర్దుకుపోయాం. మార్చిలో కోతలు పడ్డాయి. గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. ఒక్కో రైతు బిల్లు తెరవడానికి నిమిషం, నిమిషంన్నర. రైతు ఎండలో నిలబడి ఉంటాడు, స్క్రీన్ మీద గడియారం గుర్తు తిరుగుతా ఉంటుంది. “ఏందన్నా, ధాన్యం తూచేదానికన్నా కాయితం ఇచ్చేదానికి ఎక్కువసేపు పడతందే” అని ఒకాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. రెండు రోజులు చూసి చేత్తో బిల్లు పుస్తకం తీశాం. అమ్మినాయనకి ఫోన్ చేస్తే మీ నెట్ స్పీడు చాలదు, పెద్ద ప్లాన్ తీసుకోండి అన్నాడు. తీసుకున్నాం. ఒక్క సెకను కూడా తగ్గలేదు.

ఉగాదికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు, వాడి ఉద్యోగం ఇలాంటి మార్పిళ్లు చేయించడమే. భక్ష్యాలు తిని చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, పది నిమిషాల్లో తేల్చాడు. “మామా, మీ సర్వర్ ఎక్కడుందో తెలుసా, అమెరికాలో, వర్జీనియాలో.” అకౌంటు తెరిచినప్పుడు ముందే పడి ఉన్న ఊరు అదంట, అమ్మినాయన మార్చలేదు, అక్కడ కొంచెం చౌక కూడా. కోవూరు నుంచి ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి 230 మిల్లీ సెకన్ల దాకా పడుతోంది. అది సెకనులో నాలుగో వంతు కూడా కాదు కదా అన్నాను. వాడు నవ్వి, మీ బిల్లు స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌ని ఎన్నిసార్లు అడుగుతుందో లెక్కపెట్టి చూపించాడు. దాదాపు నాలుగు వందల సార్లు! రైతు పేరు ఒకసారి, ఊరు ఒకసారి, పాత బాకీ ఒకసారి, ఒక్కో పాత బిల్లు ఒక్కోసారి. అంటే ఒకటిన్నర నిమిషం.

నాకు మిల్లు భాషలో అర్థమైంది. హమాలీ ఒక్కో బస్తా భుజాన వేసుకుని మన ఆవరణలోనే ఉన్న గోదాములో పెట్టి వస్తుంటే ఏ ఇబ్బందీ లేదు. అదే హమాలీని అదే పద్ధతిలో ఒక్కో బస్తా మోసుకుని గూడూరు వెళ్లి రమ్మంటే? రోడ్డు నాలుగు లైన్లదా ఆరు లైన్లదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. పెద్ద నెట్ ప్లాన్ అంటే వెడల్పు రోడ్డు, అంతే. దూరం తగ్గదు, నడకలూ తగ్గవు. 2009లో ఆ కుర్రాడు పక్క గదిలో సర్వర్ ఉంటుందని రాశాడు, ఆఫీసు వైర్ల మీద ఒక్కో ప్రశ్నకు ఒక మిల్లీ సెకను కూడా పట్టదు, కాబట్టి నాలుగు వందలు అడిగినా అర సెకనులో అయిపోయేది. తప్పు వాడిది కాదు. సర్వర్‌ని ముంబయికి మార్చి చూశాడు మా వాడు, ప్రశ్నకు 35 మిల్లీ సెకన్లకు దిగింది, బిల్లు పద్నాలుగు సెకన్లకు వచ్చింది. అయినా బారు తీరిన ట్రాక్టర్ల ముందు పద్నాలుగు సెకన్లు కూడా ఎక్కువే.

ఇక్కడ ఒక మాట. మన దేశంలో ఈ సర్వర్ల కేంద్రాలు లేక అమెరికాలో పెట్టాల్సిన రోజులు ఎప్పుడో పోయాయి. మైక్రోసాఫ్ట్ 2015లోనే పుణె, చెన్నై, ముంబయిలలో తెరిచింది. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో తెరిచింది. గూగుల్‌కి ముంబయి, ఢిల్లీలో ఉన్నాయి. మనకి ముంబయి, హైదరాబాదు, చెన్నై చేతికందే దూరంలో ఉండగా వర్జీనియా ఎందుకయ్యా అని అడగాలంటే, అసలు ఏ ఊళ్లో పెడుతున్నారు అనే ప్రశ్న ఒకటి అడగాలని తెలిసుండాలి.

మా వాడు ఆ పండగ రెండు రోజులూ ఇంటికెళ్లకుండా మిల్లులోనే కూర్చుని నాచేత ఒక కాగితం రాయించాడు. “మామా, క్లౌడ్‌కి ఏది పంపాలి అని మొదలుపెట్టొద్దు, ఏది కదలకూడదో ముందు రాయి” అన్నాడు. వాళ్ల ఫీల్డులో దీనికి ఆరు దారులు చెప్తారంట. ఉన్నది ఉన్నట్టు ఎత్తి పెట్టడం, చిన్న చిన్న మార్పులతో పెట్టడం, పారేసి రెడీమేడ్ కొనడం, తిరగరాయడం, అక్కర్లేనిది అసలు మూసేయడం, ఉన్నచోటే ఉంచేయడం. ఒకే మిల్లులో ఒక్కో ముక్కకి ఒక్కో దారి కావచ్చు అన్న మాట నాకు అన్నిటికన్నా కొత్తగా అనిపించింది, ఎందుకంటే మా దగ్గరికి వచ్చిన ముగ్గురూ మిల్లు మొత్తానికీ తలా ఒక్క దారే అమ్మారు.

వేబ్రిడ్జి కదలదు. అది తేలిపోయింది. లారీ ఇక్కడ తూగుతుంది, తీగ ఇక్కడ ఉంది, నెట్ పోయినా చీటీ పడాలి. ఆ కంప్యూటర్ ఇంకా విండోస్ 7, 2020 జనవరి 14తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, దాన్ని నేరుగా నెట్‌కి తగిలించడమే ప్రమాదం. అందుకని దాని పక్కన ఇంకో చిన్న కంప్యూటర్ పెట్టి, చీటీలు ముందు దానిలో పడి, అది ఐదు నిమిషాలకోసారి పైకి పంపేట్టు చేశాం. నెట్ లేకపోతే చీటీలు అక్కడే వరసలో ఉంటాయి.

కొనుగోలు సాఫ్ట్‌వేర్ మాత్రం ఉన్నది ఉన్నట్టు పైకి వెళ్లింది, ఈసారి డేటాబేస్‌తోపాటు ప్రోగ్రాము కూడా. అంటే నాలుగు వందల ప్రశ్నలూ అక్కడక్కడే ముంబయిలోనే జరుగుతాయి, మన దగ్గరికి స్క్రీన్ బొమ్మ మాత్రమే వస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ అంటారు దీన్ని. స్పీడు వచ్చింది, వెంటనే ప్రింటర్ గొడవ వచ్చింది. మన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇక్కడ, ప్రోగ్రాము అక్కడ, మూడు కాపీల కార్బన్ బిల్లులో మొదటి లైను ఎప్పుడూ అర అంగుళం కిందికి పడేది. దాన్ని సరిచేయడానికి పట్టినంత సేపు సర్వర్ మార్చడానికి పట్టలేదంటే నమ్మరు.

మూసేసిన వాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అసలు ఖర్చు లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ ఎవరూ తెరవని వ్యాట్ రిటర్నుల ప్రోగ్రాం ఒకటి ఆ సర్వర్ మీద తిరుగుతూనే ఉంది, దాన్ని కూడా జాగ్రత్తగా వర్జీనియాకి మోసుకెళ్లి దానికీ అద్దె కట్టాం! అందులో లెక్కలు పీడీఎఫ్‌లుగా తీసుకుని మూసేశాం.

రెడీమేడ్ ప్యాకేజీ సంగతి. దాన్ని నేను తీసిపారేయను, జీతాలకి మేం అదే తీసుకున్నాం. పీఎఫ్, ఈఎస్ఐ రూల్సు మాకొకటి, ఇంకో మిల్లుకొకటి ఉండవు, అవి మారినప్పుడల్లా వాళ్లే మార్చుకుంటారు, నెలకింత అని కడతాం, పోతుంది. కానీ ధాన్యం కొనుగోలుకి ఆ రెండో ఆయన చూపించిన ప్యాకేజీలో పుట్టి లేదు. నెల్లూరులో ధాన్యం బేరం పుట్టి మీద, పుట్టంటే 850 కిలోలు. మద్దతు ధర క్వింటాల్లో చెప్తారు, 2025–26కి సాధారణ రకం 2,369 రూపాయలు, రైతు మాత్రం పుట్టెంత అనే అడుగుతాడు, దాన్ని 20,136 రూపాయల 50 పైసలు అని చెప్పాలి, ఆ పైన తేమకి, తరుక్కి ఎంత పోయిందో పుట్టి లెక్కలోనే చూపించాలి. ప్యాకేజీ అమ్మే ఆయన చాలా మర్యాదగా “మీరు క్వింటాల్లోకి మారిపోండి సార్, దేశమంతా అదే కదా” అన్నాడు. మా ఓనరు నా వైపు తిరిగి, “నెల్లూరోళ్లని పుట్టి మానుకోమనేదానికి ఈయన ఎవరబ్బా” అన్నాడు. ఆ మీటింగు అక్కడితో సరి. అందరూ ఒకేలా చేసే పనికి అద్దె ప్యాకేజీ, మన మిల్లులో మాత్రమే అట్లా చేసే పనికి మన సాఫ్ట్‌వేరు, నాకు తేలింది ఇదీ. మేనల్లుడు కూడా కాదనలేదు.

తిరగరాయించడం మాట ఇంకా నడుస్తోంది. ఎప్పటికైనా తప్పదు, విజువల్ బేసిక్ తెలిసిన వాళ్లు ఇప్పుడు దొరకరు. కానీ వరద భయంతో తిరగరాయించకూడదు, తీరిగ్గా చేయాల్సిన పని అది.

ఇక డబ్బు. మీ వ్యాసంలో ‘వాడుకున్నంతకే చెల్లింపు’ అని రాశారు. సగం నిజం. అద్దె సర్వర్ తిరిగినంతసేపూ గంటల లెక్కన పడుతుంది, మీరు వాడారా లేదా అన్నది దానికి అనవసరం. నెలకు 730 గంటలు. మా ఆఫీసు పనిచేసేది రోజుకు పది గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు, అంటే 260. మొదటి నాలుగు నెలలు రాత్రిళ్లు, ఆదివారాలు, సంక్రాంతి, శివరాత్రి, ఎవరూ లేని ఆఫీసుకు దీపం వెలిగించినట్టు మొత్తం గంటలకి కట్టాం. తర్వాత పొద్దున ఎనిమిదికి లేచి రాత్రి ఏడుకి పడుకునేట్టు టైమింగ్ పెట్టాం, కోతల నెలల్లో మాత్రం రాత్రి పన్నెండు దాకా. ఆపేసినా డిస్క్ అద్దె ఆగదు, అది స్థలం అద్దె కాబట్టి. ఇంకోటి, అమ్మినాయన డేటాబేస్‌కి పెద్ద లైసెన్సు వేశాడు, నెల బిల్లులో సింహభాగం అదే. మా డేటా పదిహేనేళ్లది కలిపి మూడు జీబీ. అప్పట్లో పది జీబీ దాకా ఉచితంగా వాడుకునే డేటాబేస్, ఎక్స్‌ప్రెస్ వెర్షన్ అని, మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉంది, మాకు అదే బోలెడు. ఎవరు చెప్పాలి ఇవన్నీ?

జీఎస్టీ గురించి వ్యాసం ‘18 శాతం ఎలాగూ క్రెడిట్ వస్తుంది’ అని, అంటే క్లౌడ్ బిల్లు మీద కట్టిన పన్నుని అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చని, తేల్చేసింది. బియ్యం వ్యాపారికి అది వర్తించదు మహాప్రభో. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పన్ను, ఆ పైన బరువుకి లేదు, అందుకే కదా బజార్లో 26 కిలోల సంచులు పుట్టుకొచ్చాయి. పన్ను లేని అమ్మకం ఎంత ఉంటే అంత మేరకి మాకు ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది. మా అమ్మకంలో ఎక్కువ భాగం అదే, కాబట్టి క్లౌడ్ బిల్లు మీద ఆ 18 శాతంలో చాలావరకు మా జేబులోంచే. ఒక మందుల హోల్‌సేల్ ఆయనకీ మాకూ లెక్క ఒకటి కాదు.

బయటికి వచ్చే దారి గురించి కూడా రాస్తా. అద్దె గోదాము తీసుకునేటప్పుడు లోపలికి దించే హమాలీ ఎంత, బయటికి ఎత్తే హమాలీ ఎంత అని అడగని వ్యాపారి ఉండడు. క్లౌడ్‌లో లోపలికి దించడం ఉచితం, బయటికి ఎత్తడానికే డబ్బులు. మొత్తం ఖాళీ చేసి వెళ్లిపోయే వాళ్లకి ఈ ఎత్తు హమాలీ మాఫీ చేస్తామని 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్ ప్రకటించాయి, మంచిదే. మా మూడు జీబీకి అది లెక్కలోకి రాని మాట కూడా. అసలు చిక్కు రెడీమేడ్ ప్యాకేజీలతో. వదిలేస్తాం, మా డేటా ఇవ్వండి అంటే ఒక ఎక్సెల్ ఫైలు చేతిలో పెడతారు, అందులో రైతుల పేర్లు ఒక పేజీలో, బిల్లులు ఒక పేజీలో, ఏ బిల్లు ఏ రైతుదో కలిపే నంబరు ఉండదు. జీతాల ప్యాకేజీ తీసుకునే ముందు ఉత్తుత్తిగా పదిమంది పేర్లు ఎక్కించి, మళ్లీ మొత్తం బయటికి తీసిచ్చి చూపించమన్నాను. ఒక కంపెనీ ఆయన ఆ మాటకి మళ్లీ ఫోను ఎత్తలేదు.

వెనక్కి రావడం నామోషీ కాదని కూడా తెలియాలి. బేస్‌క్యాంప్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే అమెరికా కంపెనీ, థర్టీసెవెన్ సిగ్నల్స్, 2022లో క్లౌడ్ వదిలేస్తున్నామని బహిరంగంగా చెప్పి సొంత సర్వర్లు కొనుక్కుంది. వాళ్ల పని రోజూ ఒకే స్థాయిలో ఉంటుంది, ఆ సర్వర్లని నడిపే మనుషులు వాళ్ల దగ్గరున్నారు, వాళ్లకి అది సరిపోయింది. వరద వచ్చే ఊళ్లో ఒక్క గుమాస్తాతో నడిచే మిల్లుకి సరిపోదు. ఎవరి లెక్క వాళ్లది.

దీనికి ఎదురు ఉదాహరణ చీమకుర్తిలో ఉంది. అక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలో నాలాగే లెక్కలు చూసే ఒక మిత్రుడున్నాడు. వాళ్లు గెలాక్సీ రాయి విదేశాలకి పంపుతారు, ఒక్కో బ్లాకుకి, ఒక్కో పలకకి ఫోటోలు, కొలతలు, కొనేవాడు వేరే దేశంలో కూర్చుని చూసి ఓకే అనాలి. ఆ ఫోటోలన్నీ ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో పెట్టుకుని ఒక్కొక్కటీ వాట్సాప్‌లో పంపుకునేవాళ్లు. వాళ్లకి క్లౌడ్ ఒక్క నెలలో కలిసొచ్చింది, ఎందుకంటే చూసేవాడు ఫ్యాక్టరీ బయట ఉన్నాడు. పైగా వాళ్లది ప్రైవేట్ లిమిటెడ్. కంపెనీల రూల్సు 2022 ఆగస్టులో మార్చి, లెక్కల పుస్తకాల బ్యాకప్ మన దేశంలోనే ఉన్న సర్వర్ మీద రోజూ పడాలన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు దిద్దారో చెరపకుండా దాచే సాఫ్ట్‌వేరే వాడాలన్నారు. మాది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి మాకు ఆ రూలు లేదు, జీఎస్టీ కింద వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. వర్జీనియా ముచ్చట చీమకుర్తి మిత్రుడికి జరిగుంటే ఆడిటర్ ముందు నీళ్లు నమిలేవాడు.

బ్యాకప్ గురించి నా గోడు వినండి. సర్వర్ ముంబయికి మారాక కూడా బ్యాకప్ పని అమ్మినాయన దగ్గరే ఉంది. ఐదు నెలలు రోజూ రాత్రి పదకొండుకి ‘బ్యాకప్ సక్సెస్’ అని నాకు మెయిల్ వచ్చింది, ప్రశాంతంగా పడుకున్నా. ఒక ఆదివారం మేనల్లుడు ఫోన్‌లో “మామా, ఒకసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడు” అంటే తెరిచాను. బ్రహ్మాండంగా తెరుచుకుంది. అందులో ఉన్నది ఆయన మొదట్లో పరీక్షకి చేసుకున్న ఖాళీ డేటాబేస్! నూట యాభై రాత్రులు శ్రద్ధగా ఖాళీ గోదాముకి తాళం వేశారన్నమాట. ఆ రోజు నాకు వరద కంటే ఎక్కువ టెన్షన్ వచ్చింది.

పెద్ద కంపెనీలో పెడితే పోదు అనేవాళ్లకి రెండు సంగతులు. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ కంపెనీ సర్వర్ల భవనం ఒకటి తగలబడిపోయింది, వేరే చోట కాపీ లేనివాళ్ల డేటా బూడిదైంది. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండు గూగుల్ క్లౌడ్‌లో నడుపుకుంటున్న సర్వర్లు గూగుల్ పొరపాటుతో డిలీట్ అయ్యాయి. వాళ్లు విడిగా బ్యాకప్‌లు, ఇంకో కంపెనీ దగ్గర కూడా, పెట్టుకున్నారు కాబట్టి బయటపడ్డారు, అయినా వారం పైనే పట్టింది. ఇప్పుడు మా కాపీ ఒకటి వేరే కంపెనీ దగ్గర, ఒకటి హార్డ్ డిస్కులో నెల్లూరులో ఓనరు ఇంట్లో రెండో అంతస్తులో ఉంటుంది. నెలకోసారి తెరిచి, నిన్నటి చివరి బిల్లు అందులో ఉందా లేదా అని నా కళ్లతో చూస్తా.

తాళాల సంగతి చిన్నగా. అద్దె సర్వర్ అకౌంట్ అమ్మినాయన మెయిల్ పేరున ఉంది, ఓటీపీ ఆయన దగ్గర పనిచేసే కుర్రాడి ఫోన్‌కి వెళ్లేది, ఆ కుర్రాడు ఉద్యోగం మారాడు. అకౌంట్ మా మిల్లు పేరు మీదికి రావడానికి మూడు వారాలు బతిమాలాం. అది వచ్చాక చూస్తే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు ప్రపంచమంతటికీ బార్లా తెరిచి ఉంది, లాగ్‌లో ఎవరెవరో పాస్‌వర్డ్ కొట్టి చూసిన ప్రయత్నాలు వేలల్లో. రాన్సమ్‌వేర్ వాళ్లు, అంటే డేటాకి తాళం వేసి డబ్బులడిగే దొంగలు, ఎక్కువగా దూరే తలుపుల్లో అదొకటి. వీపీఎన్, అంటే మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి, పెట్టించి మూశాం. దేవుడి దయ.

నెట్ లైన్లు రెండు ఉండాలని అందరూ చెప్తారు, మేమూ రెండు కంపెనీలవి తీసుకున్నాం. మా మిల్లు ముందు రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభానికి వేలాడుతున్నాయి. ఒక లారీ ఆ స్తంభాన్ని గుద్దిన రోజున తెలిసింది, అవి రెండు లైన్లు కావు, రెండు బిల్లులు. ఇప్పుడు రెండోది సిమ్‌తో పనిచేసే రూటరు.

సంపాదకులు గారూ, నేను అడిగేది ఇది. క్లౌడ్‌కి మారండి అని రాసేటప్పుడు పక్కనే మీ సర్వర్ ఏ ఊళ్లో, అకౌంట్ ఎవరి పేరున, వదిలేస్తే డేటా ఏ రూపంలో ఇస్తారు, బ్యాకప్ ఎవరు తెరిచి చూశారు అని నాలుగు ప్రశ్నలు కూడా వేయండి. అమ్మేవాళ్లు వాటికి తెలుగులో, ఒక కాగితం మీద, సంతకం పెట్టి జవాబివ్వాలని వ్యాపారులకి చెప్పండి. జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు సబ్సిడీల మీద మీటింగులు పెడుతుంటారు, కోతలు లేని నెలల్లో దీని మీద కూడా ఒక పూట పెట్టొచ్చు, అమ్మేవాళ్లని కాకుండా ఇప్పటికే మారి దెబ్బలు తిన్నవాళ్లని పిలిచి మాట్లాడించొచ్చు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనే పదిమంది దొరుకుతారు. పిలిస్తే నేనూ వస్తా, వర్జీనియా బిల్లుతో సహా.

2025 అక్టోబరులో మోంథా తుపాను వస్తోందన్నప్పుడు, వానకి ముందే పంపించేయాలని బియ్యం లారీలు, తవుడు లారీలు సాయంత్రం దాకా తూస్తూనే ఉన్నాం. కరెంటు పోయింది, జనరేటర్ మీద కాటా నడిపాం, నెట్ కూడా పోయింది. చీటీలు ఆ చిన్న కంప్యూటర్‌లో వరసలో ఆగాయి. ఈసారి పెన్ డ్రైవ్ కోసం నేను పరుగెత్తలేదు, ఇంటికెళ్లి అన్నం తిన్నాను. నెట్ వచ్చాక నలభై ఒక్క చీటీలు వాటంతటవే పైకి వెళ్లాయి. లెక్క చూస్తే నలభై రెండు పడున్నాయి, ఒక తవుడు లారీ రెండుసార్లు ఎక్కింది. ఎందుకు ఎక్కిందో మేనల్లుడూ నేనూ ఇంకా వెతుకుతూనే ఉన్నాం.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమాస్తా,
కోవూరు, నెల్లూరు జిల్లా